గోళ్ళ మీద ఆగిపోయే చూపు

గడ్డం ఉంది, గోళ్ళకు నీలం రంగూ ఉంది. రెండూ నాకిష్టమే. కౌంటర్ దగ్గర చెయ్యి చాపగానే అవతలి మనిషి చూపు గోళ్ళ మీద ఆగిపోతుంది. తర్వాత మొహం మీదికి, మళ్ళీ గోళ్ళ మీదికి. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా "ఇంతకీ ఆడా, మగా?" అని అడిగేస్తారు. ఎంత విసుగొస్తుందో!

అవును, ఆడకీ మగకీ మధ్య గీసిన ఆ గీత నేను కావాలనే చెరుపుతున్నాను. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఎర్ర హీల్స్ వేసుకునేవాడు, అప్పుడది మగవాడి దర్జా. మరి ఇప్పుడు గడ్డం ఉన్న మనిషి గోళ్ళకు రంగేసుకుంటే ప్రకృతి విరుద్ధం అంటారే, అదెలా అయింది?

ట్రాన్స్‌జెండర్ గుర్తింపును మానసిక రుగ్మతల జాబితాలోంచి తీసేసిన వర్గీకరణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఆమోదించింది. అయినా "డాక్టర్‌కి చూపించుకో" అనే సలహాలు ఆగవు.

నిన్న ఒక ఫారంలో రెండే గడులు. పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక లైన్లో ఎవరో విసుక్కుంటున్నారు.