తాడు ఎవరింట్లో ఉంది?

దీపం ఆరిపోయిందని మన పెద్దవాళ్లు అనరు, కొండెక్కిందంటారు. అశుభం పలకకూడదని తెచ్చుకున్న మాట. మార్చి నెలాఖరు వస్తే మాకు ఆ మాట రెండర్థాలతోనూ గుర్తొస్తుంది. 2015 మార్చి 24 తర్వాత పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు నుంచి కబురు లేదు. అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని 6,748 మీటర్ల సెర్రో ట్రెస్ క్రుసెస్ దక్షిణ శిఖరం మీదికి వెళ్లిన మనిషి కిందికి దిగి రాలేదు. ఏప్రిల్ మొదటి వారంలో మృతదేహం దొరికింది. ఆయనకప్పుడు నలభై ఏళ్లు.

మస్తాన్ బాబు మా కడప వాడు కాడు. నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజన సంఘం ఆయన ఊరు. అయినా బద్వేలులో నెల్లూరు బస్సెక్కితే ఆత్మకూరు దాటాక తగిలేది సంగమే. గండికోట కొండను కోసుకుని, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కగా పారి, సోమశిలలో ఆగి సాగే పెన్న కూడా చేరేది అక్కడికే. మస్తాన్ అన్న పేరూ మనకు పరాయిది కాదు. దర్గాకు మొక్కుకుని పిల్లలకు పెట్టుకున్న మస్తానయ్యలు, మస్తానమ్మలు ఈ జిల్లాలో ఏ ఊరికి పోయినా కనబడతారు. పదేళ్లు దాటాక కూడా ఆయన గురించి రాయడానికి మాకీ చుట్టరికం చాలు.

2006లో ఆయన చేసిన పని ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్. ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలో అకాంకాగువా. మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కోసియుస్కో, మే 21న ఎవరెస్ట్, జూన్ 13న ఎల్బ్రస్, జులై 10న అలాస్కాలో దెనాలి. ఏడు ఖండాల్లో ఏడు ఎత్తయిన శిఖరాలు, 172 రోజులు. అప్పటికి ప్రపంచంలో అంత వేగంగా ముగించినవాళ్లు లేరు. ఆ రికార్డు తర్వాత చెరిగిపోయింది, రికార్డులన్నాక చెరిగిపోతాయి. మాకు నచ్చేది మరొకటి. ఆ తేదీలను క్యాలెండర్‌లో చూస్తే గురువారం, శుక్రవారం, బుధవారం, శనివారం, ఆదివారం, మంగళవారం, సోమవారం. ఏడు కొండలు వారంలోని ఏడు రోజులకూ తలా ఒకటి వచ్చాయి. కావాలని చేసినా, కలిసొచ్చినా ముచ్చటైన లెక్క. మంగళవారం ప్రయాణం పెట్టుకోని ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. ఆయన మంగళవారం నాడు ఎల్బ్రస్ కొనమీద నిలబడ్డాడు.

చదువు తక్కువై కొండలు పట్టిన మనిషి కాదు. కోరుకొండ సైనిక్ స్కూలు, జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంట్. ‘ఇంత చదివి ఇదేం పని నాయనా’ అని మన ఇళ్లలో అడుగుతారు. జీతం అంకెతోనే మనిషిని తూచే ఊళ్లలో ఆ ప్రశ్న రావడం వింత కాదు. సమాధానం మాత్రం ఆయన చిన్నప్పటి బడిలోనే ఉంది. కోరుకొండ పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు 1985లో సైన్యం జరిపిన ఎవరెస్ట్ యాత్రలో చనిపోయాడు. ఆ బడి నిలుపుకున్న ఆయన జ్ఞాపకమే మస్తాన్ బాబుకు కొండల మీద మనసు పడేలా చేసింది. కొండ మీద పోయిన ఒకడి పేరు విని మరొకడు కొండెక్కాడు. స్మారకాల వల్ల ఏం లాభమని కొట్టిపారేసేవాళ్లు దీన్ని గమనించాలి. స్మారకం దగ్గరే ఆగిపోయేవాళ్లు ఇంకా బాగా గమనించాలి.

ఆ చివరి రోజుల సంగతికి వద్దాం. మనకు మార్చి అంటే ఎండలు ముదిరే నెల. భూమధ్యరేఖకు అవతల అది ఆకు రాలే కాలం మొదలు. ఆండీస్‌లో ఎక్కే అదను దాటిపోతూ గాలులు, మంచు తుపానులు కమ్ముకొచ్చే సమయం. ఆ ప్రాంతం ఎడారి, ఉప్పు నేలలు, మనిషి జాడ లేని పీఠభూమి. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన అగ్నిపర్వతం ఓహోస్ డెల్ సలాడో ఆ పక్కనే ఉంది. అయిదున్నర వేల మీటర్లు దాటితే గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సగమే ఉంటుంది. గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గదు, గాలే పలచబడుతుంది. ఊపిరి తీసుకున్నా సరిపోదు, ఆకలి చచ్చిపోతుంది, ఆలోచన మందగిస్తుంది. ఆ పలచని గాలే హెలికాప్టర్ రెక్కలకూ పట్టునివ్వదు. రెండు దేశాల హెలికాప్టర్లు వెతికినా అన్ని రోజులు ఎందుకు పట్టిందో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. మన విదేశాంగ శాఖ ఆ ప్రభుత్వాలతో మాట్లాడుతూ ఉండగా, ఆయనతో చదువుకున్న మిత్రులు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు చేస్తూ, ఫేస్‌బుక్‌లో కబుర్లు పోగేస్తూ రాత్రీ పగలూ గడిపారు. ఏప్రిల్ చివర్లో మృతదేహం సొంతూరు చేరింది. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు.

ఆయన చివరి ఎక్కుడుకు ఒంటరిగా వెళ్లాడు. అది తప్పని ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. ఆ కొండలు మాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. తెలిసినవాడినే కొండ ఉంచేసుకుంది కాబట్టి, తెలియనివాళ్ల సంగతేమిటన్నదే మా బాధ.

దూరపు కొండలు నునుపు అన్నారు. ఆండీస్ దాకా పోయి కన్నీళ్లు పెట్టుకునే మనం కళ్ల ముందున్న కొండలను ఎంత పట్టించుకుంటున్నాం? నల్లమల, లంకమల, పాలకొండలు, శేషాచలం, ఎర్రమల, వెలికొండలు. ఈ సీమకు నీళ్లు తక్కువేమో కానీ కొండలకు కరువు లేదు. అహోబిలంలో ఉగ్ర స్తంభం దాకా పోయే భక్తుల్లో కాళ్లకు సరైన బూట్లు ఉన్నవాళ్లెందరు? గుండాలకోనకు, లంకమల కోనలకు శివరాత్రికీ కార్తీకంలోనూ పోయే కుర్రాళ్లలో ఫలానా వేళకు తిరిగొస్తామని ఇంట్లో చెప్పి కదిలేవాళ్లెందరు? గండికోటలో పెన్న లోయ అంచుకు జరిగి సెల్ఫీ దిగేవాళ్లను చూస్తే మాకే కాళ్లు వణుకుతాయి. కింద దాదాపు మూడు వందల అడుగుల లోతు.

అడవిలో మనిషి తప్పిపోతే వెతకడమెంత కష్టమో ఈ జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ నల్లమలలో జాడ లేకుండా పోయింది. రాష్ట్రమూ కేంద్రమూ చేతిలో ఉన్నవన్నీ రంగంలోకి దించినా పావురాలగుట్ట దగ్గర శకలాలు కనబడేసరికి మరుసటి రోజు పొద్దెక్కింది. ఆ రాత్రి కడపలో నిద్రపోయినవాళ్లు తక్కువ. ముఖ్యమంత్రి కోసం వెతకడానికే అంత సమయం పట్టిన అడవిలో కాలు విరిగి పడి ఉన్న డిగ్రీ కుర్రాడికి ఎవరు దిక్కు? ఫైర్ స్టేషన్ నుంచి బండి రావాలి, ఈతగాళ్లు రావాలి, ఫారెస్టు వాచర్ దారి చూపాలి. వాళ్ల ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ కొండ చరియ మీద వేలాడే మనిషిని తాడుతో దింపడం వేరే విద్య. అది చూసి నేర్చుకునేది కాదు, చేసి నేర్చుకోవాలి.

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. ఏడాదికి ఇద్దరు ముగ్గురు యువకులు చేతిలో ఫైలు పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కుతారు. ఎవరెస్ట్ ఎక్కాలి, దాతలు కావాలి, ఒక వార్త వేయండి సార్ అంటారు. ఎక్కువమంది పేదింటి పిల్లలు, కొందరిలో నిజంగా దమ్ముంది. 2014 మే 25న గురుకుల విద్యార్థులు పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కినప్పటి నుంచి హాస్టల్ పిల్లలకు కూడా అది అందే కొమ్మే అనిపించింది, మంచిదే. కానీ వాళ్లిద్దరూ ముందు భువనగిరి రాతిగుట్ట మీద తాడు పట్టి నేర్చుకున్నారన్న మాట అందరికీ గుర్తుండదు. నేపాల్ ప్రభుత్వం ఎవరెస్ట్ అనుమతి రుసుము ఒక్కదాన్నే 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెంచింది. ఆ డబ్బు కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగే కుర్రాడు మధ్యలో ఎన్నిసార్లు తాడు పట్టి కొండెక్కాడని అడిగితే నీళ్లు నములుతాడు. తప్పు అతనిది కాదు. శిఖరం మీద జెండా ఫొటోకు చప్పట్లు కొట్టే మేమూ, మీరూ, వేదిక మీద శాలువా కప్పే నాయకులూ శిక్షణ గురించి ఏనాడైనా అడిగామా? ‘అతి పిన్న వయసులో’ అన్న మాట కోసం పసిపిల్లలను మంచు కొండల మీదికి తోసే పోటీ మాకు అసలు నచ్చదు. అలాంటి వార్తలు మేమూ వేశాం, కాదనం.

గండికోటలో ఉన్నది మంచి రాయి. ఎక్కడం నేర్పడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? డార్జిలింగ్, ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థల్లో ప్రాథమిక కోర్సు నెల రోజుల లోపే అయిపోతుంది. జిల్లా నుంచి ఏటా కొందరిని పంపండి. వాళ్లు తిరిగొచ్చి ఇక్కడ నేర్పాలన్న షరతు పెట్టండి. ఎవరెస్ట్‌కు ఒక్కరిని పంపే ఖర్చుతో ఎంతమందికి ఈ విద్య అబ్బుతుందో లెక్క వేయడానికి ఐఐఎం అక్కర్లేదు. నేర్చుకున్నవాళ్లలో ఎవరో ఒకరు పెద్ద కొండలకు పోతారు, పోనివ్వండి. మిగతావాళ్లు ఇక్కడే ఉంటారు, కోనలో ఎవరైనా చిక్కుకుంటే దిగగలిగినవాళ్లుగా.

గండికోట ఉత్సవాలప్పుడు వేదికకూ లైట్లకూ పెట్టే ఖర్చులో ఓ మూల తీసినా తాళ్లు, హెల్మెట్లు, మడతపెట్టే స్ట్రెచర్ వస్తాయి. అవి జమ్మలమడుగులో ఏదో ఆఫీసు బీరువాలో తాళం కింద ఉంటే ఉపయోగం లేదు. చీకటి పడ్డాక లోయలో కేక వినబడితే మొదట పరుగెత్తేది కొండ మీది ఊళ్లోని గొర్రెల కాపరి. ఆ తాడు అతని ఇంట్లో ఉండాలి, దాన్ని కట్టడం అతనికి రావాలి.