సవరణ: కావలి సెటిల్‌మెంట్ పోస్టు గురించి

మన సోషల్ వర్క్‌లో వలస పాలన నాటి చూపు ఇంకా పోలేదని, సేవ చేసేవాళ్ల మనసు కూడా కుదుటపడాలని మొన్న రాశాను. అందులో రెండు సంగతులకు సవరణ ఇది. మొదటిది, ఆ పాలన నాటి చట్టం మన దగ్గరికి ఎప్పుడు వచ్చిందన్నది.

కొన్ని తెగలవాళ్లందరినీ పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన బ్రిటిష్‌వాళ్ల నేరస్థ తెగల చట్టం 1871లోనే వచ్చినా మొదట ఉత్తర భారతానికే పరిమితం. మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన నెల్లూరుకి, 1911 చట్టంతో వచ్చింది. ఆ తర్వాతే కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎరుకల సెటిల్‌మెంట్, అంటే ఆ తెగవాళ్లను నిఘాలో ఉంచే కాలనీ, నడిపింది. బాగుచేస్తామంటూ మనుషుల చేత రోజూ హాజరు వేయించిన కాలం అది. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. అందుకు పాటుపడినవాళ్లలో నెల్లూరు కేంద్రంగా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఒకరు.

రెండోది ముఖ్యం. మనసు బాగుంటే పథకాలు అక్కర్లేదన్నట్టు కొందరు చదివారు. నా ఉద్దేశం అది కానే కాదు. యానాది కాలనీలో ఆధార్ లేని పిల్లాడికి ముందు ఆధార్ కావాలి. అయితే ఆ పని మీద ఆఫీసుకి వెళ్లిన కార్యకర్త కూడా ఆ కాలనీ అమ్మాయే అయితే, "మీవాళ్లింతే" అనే మాట పడి తిరిగొస్తుంది. ఆ బాధ చెప్పుకోవడానికి తోటివాళ్లు, కాస్త విశ్రాంతి ఆమె ఉద్యోగంలో భాగంగా ఉండాలి. ఆమె సొంత టెన్షన్ అని వదిలేయకూడదు. తాగుడు మీద మీటింగ్ పెట్టేముందు కాలనీ పెద్దవాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను అడగమని ఆ పోస్టులో అన్నదీ, మనమే వాళ్లను బాగుచేస్తామనే ఆ పాత చూపు వద్దనే.