ఆర్జెట్‌ను పేరడీ అనకండి
మీరు ‘ఆర్జెట్’ వీడియోగేమ్‌ను పాత చెత్త గేముల పేరడీ అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. 1993లో ఫిలిప్స్ కంపెనీ సీడీ-ఐ అనే మెషిన్ మీద వచ్చిన జెల్డా ఆటల్లో ఎక్కడ కాలు మోపాలో, ఏది ఉత్త బొమ్మో తెలిసేది కాదు. సెత్ ఫుల్కర్సన్ 2024లో వాటి తరహాలోనే ఆర్జెట్‌ను చేస్తూ ఆ ఇబ్బంది తీసేసి, ఆ వంకరటింకర యానిమేషన్‌ను మాత్రం అలాగే ఉంచాడు. అప్పట్లో ఆ ఆటల హీరో లింక్‌కు, యువరాణి జెల్డాకు గొంతు ఇచ్చినవాళ్లనే మళ్లీ పిలిచాడు. వెక్కిరించడానికి అంత శ్రమ ఎవరు పడతారండీ?

మా పాలకొల్లులో మావయ్య కొనిచ్చిన కేసెట్ వీడియోగేమ్ ఉండేది. కేసెట్ ఊది పెడితేగానీ ఆడేది కాదు. మూడో లెవెల్లో బొమ్మ గోడలో ఇరుక్కుపోయేది. కరెంటు పోతే కాలవగట్టు మీద కూర్చుని దాని గురించే మాట్లాడుకునేవాళ్లం. దాన్ని ఎవరైనా ఇంత ప్రేమగా మళ్లీ చేస్తే మొదటి రోజే కొంటాను.