చెంప చెప్పిన సంతృప్తి

ఆ చెంప ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. అర్జీదారుడిది అనుకోండి, చాలు. ఊరి పేరు కూడా వద్దు. కోనసీమలో గోదావరి పాయల మధ్య, ఏరు దాటించే పంటు మీదే బతికే లంకల్లో ఒకటి అనుకుంటే సరిపోతుంది. జరిగింది మొన్న మంగళవారం. రేవులో ఇంకా చల్లారలేదు.

అర్జీ దేని గురించో గబగబా చెప్పేసుకుందాం. రేవులో పంటు ఎక్కే ర్యాంపు పోయింది. పోతుందని అందరికీ తెలుసు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, కిందికి 10 లక్షల క్యూసెక్కులు వదిలితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మన ర్యాంపుకి అంత హంగామా అక్కర్లేదు. ఎర్రనీళ్లు కనపడగానే, ఏ హెచ్చరికా రాకముందే సెలవు తీసుకుంటుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు పోయిందంటే అర్థం ఉంది. అప్పుడు ఇళ్లే మునిగాయి, ర్యాంపు ఊసు ఎవరెత్తుతారు? ఇది అలాంటిది కాదు. బస్తాల్లో ఇసుక నింపి పేర్చి, పైన గ్రావెల్ పరిచి, ఫోటో తీసుకుని వెళ్లిపోయిన ర్యాంపు. ఏరు దాన్ని పైనుంచి కొట్టదు. కింది అంచు దగ్గర మట్టిని తొలుస్తుంది. అంచు కింద ఖాళీ పడిందా, పై బస్తాలు ఒకదాని వెనక ఒకటి జారిపోతాయి. కాంక్రీటుదైనా అంతే. నీటివైపు చివర అడుగులోకి గోడ దింపకపోతే పలక గాల్లో వేలాడుతూ ఉండి, ఏ ట్రాక్టరో ఎక్కిన రోజున విరుగుతుంది. దానికి తోడు సముద్రం దగ్గరి పాయల్లో రోజుకి రెండుసార్లు పోటూ పాటూ. పోటులో పంటు వచ్చి ర్యాంపు నడుముకి ఆనుతుంది. పాటులో ర్యాంపు చివరకీ పంటుకీ మధ్య రెండు గజాల బురద మిగిలిపోతుంది. అర్జీ ఆ రెండు గజాల గురించే.

పెట్టారు, సోమవారం నాడు. ఈ అర్జీల రోజుని ప్రజావాణి అన్నారు, మీ కోసం అన్నారు, స్పందన అన్నారు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, సోమవారం మాత్రం మారదు. కంప్యూటరు ముందున్న కుర్రాడు ‘శాఖ’ అన్న గడి దగ్గర ఆగిపోయాడు. పాపం, అతణ్ణి అని లాభం లేదు. నది జలవనరుల శాఖది. రేవు పాట జరిగేది పంచాయతీ దగ్గరో జిల్లా పరిషత్తు దగ్గరో. గట్టు దిగాక రోడ్డు ఆర్ అండ్ బీది కాకపోతే పంచాయతీరాజ్‌ది. పడవ లైసెన్సు ఇంకొకరిది. కింద నేల రెవెన్యూది. ర్యాంపు మటుకు వేసవిలో అందరిదీ, ఆగస్టులో ఎవరిదీ కాదు. ఈ గడిలో ఏదో ఒకటి ఎంచుకోకపోతే కింది గడి తెరుచుకోదు. కుర్రాడు ఏదో ఎంచుకున్నాడు. రసీదు ఇచ్చాడు. అర్జీదారుడు అది నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత నెల గడిచింది. ఆ నెలలో ఏం జరిగిందో రాయడానికి ఏమీ లేదు.

ఇక మంగళవారం. పంటు అవతలి గట్టు వదిలి నడి ఏట్లోకి వచ్చింది. పంటు అంటే తెలియనివాళ్లకి: రెండు పడవలు పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరిచి, ఇంజను పెట్టింది. మనుషులు, బండ్లు, కొబ్బరికాయల బస్తాలు, అన్నీ దాని మీదే. లంకలో సిగ్నల్ అందదు. టవరు అవతలి గట్టున ఉంది, మధ్యలో ఊరంతా కొబ్బరి తోటలు. దానికీ ఫోనుకీ మధ్య ఏ అడ్డమూ లేని చోటు ఏరు ఒక్కటే. అందుకే లంకవాళ్ల ఫోన్లన్నీ నడి ఏట్లోనే మోగుతాయి. బ్యాంకువాళ్లు, అత్తారింటి నుంచి కూతుళ్లు, గ్యాస్ బుకింగు మెసేజీలు, అందరూ ఆ పది నిమిషాల్లోనే మీద పడతారు. పంటు నడిపే సరంగు ఆ చోటికి ‘టవరు రేవు’ అని పేరు పెట్టాడు. సర్కారువారి ఫోను కూడా అక్కడే వచ్చింది.

అర్జీదారుడి ఎడమ చెయ్యి బండి హ్యాండిల్ మీద ఉంది. పంటు మీద బండికి స్టాండు వేసి వదిలేస్తే ఇంజను అదురుకి పక్కకి ఒరుగుతుంది, పట్టుకునే నిలబడాలి. ఫోను కుడి చేతిలో. పెట్టుకున్నది కుడి చెవికి. ఈ కుడి అన్న మాట గుర్తుంచుకోండి, పనుంది.

“నమస్కారం. మీరు సమర్పించిన అర్జీ పరిష్కారంపై మీ అభిప్రాయం...”

ఆడగొంతు. మనిషి కాదు, రికార్డు. ఎంతో మర్యాదగా ఉంది. గోదావరి జిల్లాల్లో మర్యాదకి మర్యాద బాకీ ఉంచరు కదా, ఈయన కూడా “ఆయ్, చెప్పండమ్మా” అన్నాడు. ఆవిడ ఆగలేదు. “ర్యాంపు ఇంకా వెయ్యలేదండమ్మా, ఎవరూ రాలేదు కూడానండి” అన్నాడు. ఆవిడ అదంతా విన్నట్టే ఒక్క క్షణం ఊరుకుని, సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కమంది, చెందనట్లయితే రెండు నొక్కమంది.

రెండు నొక్కడం ఎంత పని అనుకుంటున్నారా? చూద్దాం. ముందు ఫోను చెవి నుంచి తియ్యాలి. తీస్తే తెర వెలుగుతుంది, కానీ దాని మీద అంకెలుండవు. చుక్కల గుర్తు వెతికి నొక్కితే అంకెల పలక పైకి లేస్తుంది. ఆ వెతుకులాటలో ఆవిడ ఏమంటోందో వినపడదు. ఫోను చేతిలోకి వచ్చింది గాని చెవి ఎక్కడుండాలో అక్కడే ఉండిపోయింది. స్పీకరు పెట్టుకోవచ్చుగా అంటారు. ఎడమ చెయ్యి బండి మీద ఉందని చెప్పాను కదా. మిగిలింది ఒక్క కుడి బొటనవేలు. అదీ తడిగా ఉంది. తడి వేలు తెర మీద ఒకచోట పెడితే ఫోను ఇంకోచోట అనుకుంటుంది. రేషను దగ్గర వేలిముద్ర యంత్రం కూడా తడి వేలిని, అరిగిన వేలిని ఒప్పుకోదు. కొబ్బరి వలిచే ఊళ్లో పొడిగా, నున్నగా, గీతలు చెరగని వేళ్లు ఎక్కడ దొరుకుతాయని ఈ ఏర్పాట్లన్నీ చేశారో!

సరే, అర్జీదారుడు అంకెల పలక తెరిచాడు. అక్కడిదాకా విజయమే. తీరా నొక్కబోతూ ఉంటే సందేహం వచ్చింది. సంతృప్తి ఒకటా, రెండా? ఇంకోసారి విని నొక్కుదామని ఫోను మళ్లీ చెవికి పెట్టాడు. బుద్ధిమంతులు చేసే పనే. పలక తెరిచే ఉంది.

ఇక్కడ ఫోను శాస్త్రం కొంచెం కావాలి. మాట వినపడే సందు పక్కన ఒక చిన్న కన్ను ఉంటుంది. చెవి దాని ముందుకు రాగానే అది తెరని ఆర్పేస్తుంది, చెంప తగిలి ఏదీ నొక్కుకుపోకుండా. ఫోను కింద పడి, తక్కువలో తెర మార్పించినచోట ఈ కన్ను సరిగా కూర్చోదు. కూర్చోకపోతే తెర ఆరదు. వెలుగుతూనే ఉంటుంది, చెంప కోసం ఎదురుచూస్తూ.

ఇప్పుడు ఆ కుడి చెవి సంగతి. అంకెల పలకలో ఒకటి పై వరసలో ఎడమ చివర ఉంటుంది, మూడు కుడి చివర. ఫోను కుడి చెవికి పెట్టుకుంటే తెర ఎడమ అంచు మన ముక్కు వైపు వస్తుంది. చేత్తో పట్టుకుని చూసుకోండి. అంటే చెంప ఎముక ఉబ్బుకి ముందుగా తగిలేది ఒకటి. ఎడమ చెవికి పెట్టుకుంటే మూడు తగులుతుంది, అప్పుడు ఆవిడ “మీరు నొక్కిన అంకె సరైనది కాదు” అని పాఠం మళ్లీ మొదలుపెడుతుంది. ఎడమ చెవివాళ్లకి ఇంకో అవకాశం ఉంది. రెండు మాత్రం నట్టనడుమ ఉంటుంది. దాన్ని చెంపతో నొక్కాలంటే అక్కడ పులిపిరి ఏదైనా ఉండాలి. మొత్తానికి కుడి చెవితో వినే జనమంతా పుట్టు సంతృప్తులు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గాని, మనిషి మొహం బాగా చదివినవాళ్లు.

టింగ్ మంది.

చెంప ఒకటితో ఊరుకోలేదు. ఇదేమిటని ఆయన మొహం కదిపేసరికి ఇంకాస్త కిందికి జారి స్పీకరు కూడా నొక్కింది. సరిగ్గా అప్పుడే రేవు దగ్గరపడిందని సరంగు ఇంజను ఆపేశాడు. అంతదాకా చెవులు పగిలే మోత, ఆ మీదట నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గోదావరి మీద గంటలాంటి గొంతు: “మీ సంతృప్తిని నమోదు చేసుకున్నాము. ధన్యవాదములు.”

పంటు మీద ముప్పై మంది దాకా ఉన్నారు, ఐదు బండ్లు, రెండు మేకలు. మేకలు కూడా తలతిప్పి చూశాయని ఊళ్లో చెప్పుకుంటున్నారు. అది అతిశయోక్తి. ఒకటే చూసింది.

అది పాటు వేళ. రెండు గజాల బురద నిగనిగలాడుతోంది. వరద తీసిన తర్వాత మిగిలే ఒండ్రు పైన ఎండినట్టే ఉంటుంది, కింద వెన్న. సరంగు బల్ల వేశాడు. ముందు చక్రం బల్ల మీద, వెనక చక్రం పంటు మీద ఉన్నప్పుడు బల్ల పక్కకి జరిగింది. బండి ఆగింది. అర్జీదారుడు ఆగలేదు. మోకాళ్ల దాకా దిగబడ్డాడు.

“సంతృప్తిగా దిగండి బాబాయ్, కంగారేం లేదు” అన్నాడు సరంగు.

కాలేజీ పిల్లలు నవ్వారు. ఆ నవ్వే ఇప్పటికీ మంట. లైఫ్ జాకెట్లు మటుకు ఓ మూల తాడేసి కట్టి ఉన్నాయి. 2018 జులైలో పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న పడవ బోల్తా పడింది ఈ సీమలోనే. కాబట్టి వాటి మీద హాస్యం లేదు. కట్టు విప్పమని రెండో అర్జీ వెళ్లింది, అంతే.

సాయంత్రానికి మెసేజీ వచ్చింది, అర్జీ పరిష్కరించబడినదని. మర్నాడు జవాబు కాగితం కూడా దొరికింది. కుర్రాడు ఎంచుకున్న శాఖ ఏమిటో అప్పుడు తెలిసింది. చేపలతో తప్ప మనుషులతో పనిలేని శాఖ. ‘సదరు రేవు మా పరిధిలోని రేవుల జాబితాలో లేదు గనుక పరిష్కరించడమైనది.’ వాళ్ల లెక్కన అది తప్పు కూడా కాదు.

ఇలా మూసిన అర్జీని మళ్లీ తెరిపించొచ్చు. పాత నంబరు కావాలి, ఎందుకు ఒప్పుకోవడం లేదో రాయాలి. ఒక కాగితం మీద ఒకే సమస్య రాయాలి. ర్యాంపు, ధరల బోర్డు, జాకెట్లు కలిపి రాస్తే మూడింట్లో సులువైనదానికి జవాబిచ్చి మొత్తం మూసేస్తారు. ఫోటో పాటు వేళ తియ్యాలి. పోటులో తీస్తే నీళ్లు నిండుగా, రేవు పెళ్లి ఫోటోలా వస్తుంది. పక్కనే సమాచార హక్కు దరఖాస్తు కూడా వెయ్యాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. తెల్లరేషన్ కార్డువాళ్లకి అదీ లేదు, కార్డు నకలు జత చెయ్యాలి. జవాబుకి 30 రోజులు. రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. ‘ర్యాంపు ఎందుకు నిలవలేదు’ అని అడిగితే, ఎందుకు అన్నది సమాచారం కిందికి రాదని రాసి పంపుతారు. ‘అంచనా పత్రం, ఎం.బుక్, బిల్లుల నకళ్లు ఇవ్వండి’ అనాలి. ఎం.బుక్ అంటే పని కొలతల పుస్తకం, ఏ రోజున ఎవరు ఎన్ని ఘనపు మీటర్లు కొలిచారో అందులో సంతకంతో ఉంటుంది. పేజీకి 2 రూపాయలు. పని జరిగినచోట వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు కూడా 2005 చట్టంలోనే ఉంది. ఇక్కడ ఆ హక్కు గోదావరి ముందే వాడేసుకుంది.

గురువారం సాయంత్రం మళ్లీ తెరిపించడానికి వెళ్తే అదే కుర్రాడు. నంబరు కొట్టాడు, తెర వైపు చూశాడు, అర్జీదారుడి ప్యాంటుకి ఎండిన బురద వైపు చూశాడు.

“మీరు సంతృప్తి అని చెప్పారు కదండి?”

“నేను చెప్పలేదండి. చెంప నొక్కింది.”

కుర్రాడు కారణం గడిలో టైపు చెయ్యబోయి ఆగాడు. “ఎవరి చెంపని రాయమంటారండి?”

ఆఖరి పంటు ఆరింటికి. గోడ గడియారంలో ఆరుకి పది నిమిషాలు తక్కువగా ఉంది.