అడగని కట్నం, రాయని లెక్క

"మేమేమీ అడగం. మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం." మన దగ్గర ఈ మాట వినని ఆడపిల్ల తండ్రులు తక్కువ. చట్టానికి కూడా ఈ మాటే కీలకం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టాన్ని 1984లో సవరించాక, అడగకుండా ఇచ్చిన కానుకలకు శిక్ష వర్తించదు. అవి జాబితాలోకి ఎక్కాలి. ఆడపిల్లవైపు వాళ్లు ఇచ్చేవైతే ఆచారం ప్రకారం, స్తోమతకు మించకుండా ఉండాలి. అంతే.

ఈ 'అడగకుండా' అన్న షరతు ఎంత బలహీనమైనదో ఫ్రెంచ్ పండితుడు మార్సెల్ మాస్ వందేళ్ల కిందటే చెప్పేశాడు. 1925లో వెలువడిన వ్యాసంలో ఆయన తేల్చిందొకటే: కానుక పైకి ఇష్టపూర్వకం, లోపల తప్పనిసరి. ఇవ్వకుండా ఉండలేం, పుచ్చుకోకుండా ఉండలేం, తిరిగి ఇవ్వకుండా ఉండలేం. ఇందుకోసం ఆయన న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల నమ్మకాల నుంచి మహాభారతంలోని ఆనుశాసనిక పర్వం దాకా గాలించాడు. అంతకు మూడేళ్ల ముందు మానవ శాస్త్రవేత్త మలినోవ్‌స్కీ రాసిన, న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల సంగతులు కూడా ఆయనకు బాగా పనికొచ్చాయి. అక్కడ ఎర్ర చిప్పల హారాలు ఒక దిక్కుగా, తెల్ల చిప్పల కంకణాలు దానికి ఎదురు దిక్కుగా దీవి నుంచి దీవికి తిరుగుతూనే ఉంటాయి. ఎవరూ వాటిని శాశ్వతంగా దాచుకోరు. వస్తువు చేతులు మారుతున్నంత కాలం చుట్టరికం నిలుస్తుంది.

మన చదివింపులూ ఇలాంటివే. పందిట్లో ఓ పక్కన బల్ల వేసుకుని కూర్చున్న మనిషి ఇంటిపేరు, ఊరు, 516, 1,116 అని రాసుకుంటాడు. ఆ పుస్తకం బీరువాలోకి వెళుతుంది. అవతలి ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు బయటికి తీసి, "వాళ్లు మనకెంత చదివించారు?" అని చూసి, దానికి కాస్త పైన వేసి చదివిస్తారు. దీన్ని వడ్డీ లేని అప్పు అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అప్పు తీరితే సంబంధం తెగిపోతుంది, ఇక్కడ తీరకుండా ఉండటమే అసలు కిటుకు. ఇచ్చినదానికీ తిరిగి ఇచ్చేదానికీ మధ్య గడిచే కాలమే దాన్ని కానుకగా నిలబెడుతుందని ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్దియూ అన్నది ఇందుకే. వెంటనే తిరిగిచ్చేస్తే తిప్పికొట్టినట్టే. ఆ లెక్కన భోజనాలయ్యాక గుమ్మం దగ్గర చేతిలో పెట్టే రిటర్న్ గిఫ్ట్ నాకు కాస్త అనుమానంగానే ఉంటుంది.

అదే పందిట్లో ఇంకో కానుక కూడా చేతులు మారుతుంది. కట్నం, ఆడపడుచు లాంఛనాలు, ఆ తర్వాత సారె. ఇవి వెళ్లడమే తప్ప తిరిగొచ్చేవి కావు. సాధారణంగా ఇచ్చినవాడిది పైచెయ్యి. కెనడా పశ్చిమ తీరపు తెగల పాట్లాచ్ విందుల్లో దుప్పట్లు, రాగి పలకలు పంచిపెట్టి పరువు సంపాదించుకునేవారు. తిరిగి ఆ స్థాయిలో ఇవ్వలేనివాడు తలదించుకునేవాడు. మన కట్నంలో ఇది తలకిందులవుతుంది. ఇచ్చినవాడే చేతులు కట్టుకుని నిలబడతాడు.

పాత రోజులన్నీ ఇలా లేవు. చాలా కులాల్లో మగపెళ్లివాళ్లే ఓలి, అంటే కన్యాశుల్కం, ఇచ్చేవారు. మేనత్త కూతుర్ని చేసుకునే ఇళ్లలో, ఇచ్చిన ఆడపిల్లకు బదులు మరుసటి తరంలో ఆమె కూతురు కోడలిగా వచ్చేది. అందులో ఆ పిల్ల ఇష్టం ఎవరడిగారన్నది వేరే సంగతి. ఇచ్చిపుచ్చుకోవడమైతే రెండువైపులా ఉండేది.

కాబట్టి "అడిగారా, లేదా?" అన్న ప్రశ్నతో కట్నం దొరకదు. నోరు తెరిచి అడగాల్సిన అవసరమే లేకుండా ఆచారం అడుగుతుంది. "ఇది ఎప్పటికైనా తిరిగొచ్చేదేనా?" అని అడిగితే తేడా తెలిసిపోతుంది. చట్టం చేసిన మంచిపని ఒకటుంది: 1985 నాటి నిబంధనల ప్రకారం పెళ్లి కానుకలను, వాటి సుమారు విలువను, ఇచ్చినవాళ్ల పేర్లను, వరసలను రాసి, వధూవరులిద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ జాబితా రాసే ఇళ్లు ఎన్నో వెతుక్కోవాలి. గొడవలొచ్చి కోర్టుకెక్కాక అమ్మాయికి పెట్టిన బంగారం ఎంతో చూపించడానికి కాగితం ముక్క దొరకదు. బాబాయి వరసాయన చదివించిన 516 మాత్రం తేదీతో సహా పుస్తకంలో ఉంటుంది.