ఇరవై ఏళ్లకే సగం జీవితం అయిపోయిందా? ఆ లెక్కలోని తిరకాసు

ఉగాది వచ్చిందంటే బెంగళూరు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది: "అయిదేళ్ల పిల్లాడికి ఏడాదంటే జీవితంలో 20 శాతం, 50 ఏళ్లవాడికి 2 శాతమే. అందుకే పెద్దయ్యేకొద్దీ కాలం పరిగెడుతుంది. మనసు లెక్కలో 20 ఏళ్లకే సగం జీవితం అయిపోతుందని సైన్సు నిరూపించింది."

శాతాలు సరైనవే. చిక్కంతా ఆ తర్వాతే.

"నిరూపించింది": లేదు. ఈ నిష్పత్తి ఆలోచన 1877లో పాల్ జానే అనే ఫ్రెంచి తత్వవేత్త చేసిన ఊహ. 1890లో అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ దాన్ని ప్రస్తావిస్తూనే, దీంతో అసలు మర్మమేమీ వీడలేదని పెదవి విరిచాడు.

"20కే సగం": లెక్క 5వ ఏట మొదలుపెట్టి 80లో ఆపితేనే. ఈ నిష్పత్తి లెక్కలో వయసు అన్నే ఇంతలు పెరిగితే మనసుకు అంతే కాలం గడిచినట్టు: 5కి నాలుగింతలు 20, దానికి నాలుగింతలు 80, కాబట్టి రెండు భాగాలూ సమానం. మొదలు 1వ ఏడు అనుకోండి, సగం తొమ్మిదేళ్లకే వచ్చేస్తుంది. పుట్టిన క్షణం నుంచి మొదలుపెడితే లెక్కే తెగదు. మనసుకొచ్చిన చోట మొదలుపెట్టి మనసును కొలిచామంటే ఎలా?

"ఏడాది పరిగెడుతుంది": 2005లో విట్‌మన్, లేన్‌హాఫ్ అనే పరిశోధకులు 14 నుంచి 94 ఏళ్లవాళ్లు 499 మందిని కాలం ఎంత వేగంగా గడిచిందని అడిగారు. గడిచిన వారం, నెల, ఏడాది విషయంలో వయసు వల్ల పెద్ద తేడా కనబడలేదు. గడిచిన పదేళ్ల గురించి అడిగితే కనిపించింది, అదీ ఓ మోస్తరుగానే. నిష్పత్తే కారణమైతే ఏడాదికీ పదేళ్లకీ ఒకే తీరున కనిపించాలి కదా.

ఇంకా తేలిగ్గా చూడాలంటే బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర నిలబడండి. ఫార్వర్డ్ ప్రకారం పదేళ్ల మనవడి విసుగులో ఆరో వంతే అరవై ఏళ్ల తాతకి ఉండాలి. హారన్ కొడుతున్నది ఎవరో చూడండి! గడుస్తున్న కాలం వేరు, వెనక్కి తిరిగి చూసుకునే కాలం వేరు. గడియారం మీదే ధ్యాస ఉన్నప్పుడు నిమిషం సాగుతుంది. తర్వాత తలుచుకుంటే, రోజూ అదే ఔటర్ రింగ్ రోడ్డు, అదే క్యాబ్ కాబట్టి విడిగా గుర్తుండేదేమీ ఉండదు, నెల కుంచించుకుపోతుంది.

ఈ ఫార్వర్డ్‌కి తోడు ఇంకో మాటా వినిపిస్తుంది, "వయసుతో మెదడు గడియారం నెమ్మదిస్తుంది" అని: అదే నిజమైతే పెద్దవాళ్లకి నిమిషం అయిందని ఆలస్యంగా తోచాలి. ఇంట్లోనే పరీక్షించవచ్చు. స్టాప్‌వాచ్ నొక్కి ఫోన్ బోర్లించండి, నిమిషం అయిందనిపించినప్పుడు ఆపండి. ఒక్కసారితో తేల్చవద్దు, అయిదుసార్లు చేసి మధ్య విలువ తీసుకోండి. మనసులో ఒకటి, రెండు అని లెక్కపెడితే మీరు కొలిచేది ఆ లెక్కపెట్టే లయనే. జ్వరమున్నప్పుడు అసలు వద్దు: ఒళ్లు వేడెక్కితే నిమిషం ముందే అయిపోయినట్టు తోస్తుందని 1930లలోనే హోగ్లండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గమనించాడు. తాతకీ మనవడికీ పోలిక చూడాలంటే ఇద్దరిచేతా ఒకే పూట చేయించండి.