పరిధి దాటిన న్యూట్రాన్లపై చర్య తీసుకోవాలి

పరమాణు కేంద్రకం అంటే ఎలా ఉండాలి? గుండ్రంగా, గట్టిగా, ఒద్దికగా ఉండాలి. లోపల ఎంతమంది ఉన్నారో చెబితే వ్యాసార్ధం ఎంతో చెప్పేయగలగాలి. లోపలి కణాల, అంటే ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి, సంఖ్యకు ఘనమూలం తీసి 1.2 ఫెమ్టోమీటర్లతో (మీటరులో వెయ్యి లక్షల కోట్లవ వంతు ఒక ఫెమ్టోమీటరు) గుణిస్తే సరి. ఈ సూత్రాన్ని నేను పరీక్ష కోసం తెల్లవార్లూ కంఠతా పట్టాను. సీసం-208ని చూడండి, 208 మంది ఒకే కప్పు కింద సర్దుకుని ఉంటున్నారు, ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు. ఇంత మర్యాదస్తుల లోకంలో లిథియం-11 అనేదొకటి తయారై అందరి పరువూ తీస్తోంది.

ముందు కేసు పూర్వాపరాలు. లిథియం-9 మీద నాకే అభ్యంతరమూ లేదు. దానికి ఇంకో రెండు న్యూట్రాన్లు చేరితే సూత్రం ప్రకారం వ్యాసార్ధం 7 శాతం పెరగాలి. అంతకు మించి అంగుళం కూడా కదలకూడదు అనబోయాను కానీ, ఇక్కడ అంగుళమంటే బ్రహ్మాండం. 1985లో అమెరికాలోని బర్క్‌లీలో భౌతికశాస్త్రవేత్త ఇసావో తనిహాతా బృందం ఈ కేంద్రకాలను మహా వేగంతో తోలి బెరీలియం, కార్బన్, అల్యూమినియం పలకల మీదికి వదిలింది. ఎన్ని వెళ్లాయి, ఎన్ని చెక్కుచెదరకుండా అవతలికి వచ్చాయి అని లెక్కపెట్టింది. ఒళ్లు పెద్దదైతే దారిలో తగులుకోవడం ఎక్కువ, అంతే కిటుకు. లిథియం-11 తెగ తగులుకుంది. లెక్క తేల్చి చూస్తే పెరుగుదల 7 శాతం కాదు, సుమారు మూడో వంతు! పలచని అంచుల దాకా కొలిస్తే 11 మంది ఉన్న కొంప, 208 మంది ఉన్న సీసమంత మేర ఆక్రమించి కూర్చుంది.

దోషులు ఆ చివరి రెండు న్యూట్రాన్లే. చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు ఇవి లిథియం-9 చుట్టూ పలచగా పరుచుకుని ఉంటాయట. వీటిని పట్టి ఉంచిన బంధం మరీ బలహీనం కాబట్టే అంత దూరం పోతున్నాయని 1987లో హాన్సెన్, యోన్సన్ అనే భౌతికశాస్త్రవేత్తలు చెప్పారు. దీన్ని వివరణ అనరు, వకాల్తా అంటారు. మామూలు కేంద్రకం నుంచి ఒక న్యూట్రాన్‌ను ఊడబెరకాలంటే ఆరేడు, ఎనిమిది మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఖర్చవుతుంది. వీళ్లిద్దరినీ కలిపి పంపించేయడానికి 0.37 చాలు. ఉన్నామంటే ఉన్నాం, పోయామంటే పోయాం అన్నట్టుంది వ్యవహారం.

అసలు నేరం వేరే ఉంది. కేంద్రకాన్ని పట్టి ఉంచే బలమైన కేంద్రక బలానికి అధికార పరిధి ఒకటో రెండో ఫెమ్టోమీటర్లు. ఈ న్యూట్రాన్లు సగానికి పైగా సమయం ఆ పరిధి బయటే గడుపుతాయి. పాత భౌతికశాస్త్రం ప్రకారం అక్కడ అడుగే పెట్టకూడదు. అడిగితే క్వాంటమ్ అంటాయి. చేతికి దొరకని ప్రతివాడికీ ఈ మధ్య అదొక సాకు! దూరంగా ఉన్నా మనసులో అభిమానం ఉంటుందేమో అనుకున్నాం. అదీ లేదు. ఢీకొట్టినప్పుడు ఈ రెండూ రాలిపోతే మిగిలిన లిథియం-9 ఇంచుమించు అదే వేగంతో, ఏమీ జరగనట్టు ముందుకు సాగిపోయింది. ప్రోటాన్లయితే ఇంత తేలిగ్గా తిరగలేవు, విద్యుత్ వికర్షణ కట్టిన గోడ అడ్డుంటుంది. న్యూట్రాన్‌కు ఆవేశమే లేదు, ఇక అడ్డేముంటుంది?

ఈ ముగ్గురి సంసారం మరీ విడ్డూరం. లిథియం-9, ఒక న్యూట్రాన్ కలిస్తే లిథియం-10 కావాలి, అది నిలవదు. రెండు న్యూట్రాన్లు విడిగా జట్టు కట్టబోతే అదీ నిలవదు. ఏ ఇద్దరికీ పొసగదు కానీ ముగ్గురూ చేరితే మాత్రం కాపురం నిలబడుతుంది. ఇటలీలో బొరోమియో అనే వంశం చిహ్నంలో మూడు ఉంగరాలు ఇలాగే పెనవేసుకుని ఉంటాయి, ఒకటి తెగితే మూడూ విడిపోతాయి. అందుకని వీటికి బొరోమియన్ కేంద్రకాలని పేరు పెట్టారు. అల్లరి చేసినవాళ్లకు జమీందారీ బిరుదన్నమాట. హీలియం-6 కూడా ఇదే బాపతు.

కాబట్టి ఆక్రమించిన స్థలం ఖాళీ చేయాలని నోటీసు రాయడానికి కూర్చున్నాను. తీరా చూస్తే లిథియం-11 అర్ధాయువు, అంటే ఉన్నవాటిలో సగం మాయమవడానికి పట్టే కాలం, 9 మిల్లీసెకన్లు కూడా లేదు. ‘అయ్యా’ అని మొదలుపెట్టి ‘అ’ చుట్టేలోపే ప్రతివాది లేడు. లోపలి ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిపోయి, ఎక్కువసార్లు ఇంకో న్యూట్రాన్‌ను కూడా బయటికి విసిరేసి బెరీలియం-10 అయిపోతుంది. అది నెమ్మదస్తురాలు, దానితో నాకు పేచీ లేదు. కానీ అప్పుడప్పుడూ బెరీలియం-11గా తేలుతుంది. దానికీ ఒక న్యూట్రాన్ అర మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల అప్పు మీద గడప అవతల వేలాడుతూ ఉంది. దాని అర్ధాయువు 13.8 సెకన్లు. పేరు మార్చి నోటీసు ముందే రాసి పెట్టుకున్నాను. ఈసారి కనీసం సంతకమైనా పెట్టించుకుంటాను.